గాజునార: కొల్లేటి పడవ మొదలు గూడెం లారీ వరకు

పగిలిన అద్దమును, విరిగిన మనసును అతుకజాలమని మన పెద్దలు చెప్పుదురు. మనసు సంగతి అటుంచి, అద్దము విషయమున ఈ మాటను కొంచెము సవరించుకొనవలసిన కాలము వచ్చినది. గాజు నేడు తానే ఒక అతుకై, చిల్లుపడిన పడవలను, త్రుప్పుపట్టిన బండ్లను నిలబెట్టుచున్నది. ఏలూరు నుండి తాడేపల్లిగూడెము వరకు రహదారి వెంట పోవువారు మరమ్మతు షెడ్ల ముందు తెల్లని చాపచుట్టలవంటి గాజుచుట్టలను చూచియే యుందురు. కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో చేపల చెరువుగట్లపై బోర్లించిన ఫైబర్ పడవలను చూడనివారు అరుదు. అయినను ఆ చుట్టలలోని పదార్థమేమి, అది ఎట్లు గట్టిపడును, ఎచ్చట పనికివచ్చును, ఎచ్చట పనికిరాదు అను సంగతులను తెలిసికొనినవారు మాత్రము తక్కువ.

మేము తెలుగు పాఠము చెప్పువారము. రసాయనశాస్త్రము మా విషయము కాదు. అయినను ఈ వ్యాసము వ్రాయుటకు మా పొరపాటొకటి కారణము. కొన్ని సంవత్సరముల క్రిందట కొల్లేటి లంక గ్రామమునుండి మా తరగతికి వచ్చుచుండిన విద్యార్థి ఒకనితో అతని తండ్రి మా ఇంటికి వచ్చెను. వారి కర్రపడవ అడుగున పలక చివికి నీరు ఊరుచున్నది. మేము ఎప్పుడో ఒక పుస్తకమున చదివినది జ్ఞాపకము చేసికొని, ఫైబర్ గుడ్డ వేయించుమని గొప్పగా సలహా చెప్పితిమి. ఆయన అప్పుచేసి సామాను కొని, పడవను నీటిలోనుండి లాగిన రెండవనాడే అతుకు వేయించెను. శ్రావణమాసపు వానలలో, సరస్సు నడుమ, ఆ అతుకు అప్పడమువలె ఒక్క పెళ్ళగా ఊడిపోయినది. లోతు తక్కువగుటచే ప్రాణములకు ముప్పు రాలేదు గాని వలయు, ఆనాటి వేటయు నీటిపాలైనవి.

ఆయన మరల మా ఇంటికి వచ్చినప్పుడు కోపపడలేదు. “మాస్టారూ, మీరు చెప్పారని వేయించానండీ. గాజు గట్టిదేనండీ. కర్రకూ దానికీ పొత్తు కుదరలేదంతే” అనెను. ఆ మాట మమ్ము చాలదినములు బాధించినది. పిమ్మట ఏలూరులో లారీ, ఆటోల బాడీపని చేయు ఒక ఉస్తాదు వద్దకు సాయంకాలములలో పోయి కూర్చుండి, ఆయన చేతిపనిని చూచుచు, చెప్పినది వినుచు, తెలిసినవారి నడిగి, పుస్తకములు వెదకి తెలిసికొన్న విషయములనే ఇచ్చట క్రోడీకరించుచున్నాము.

గాజు నూలైన విధము

గాజును దారముగా తీయుట క్రొత్త విద్య కాదు. ప్రాచీన ఈజిప్టు దేశస్థులు కరగిన గాజును తీగలుగా సాగదీసి పాత్రలపై అలంకారముగా చుట్టెడివారు. 1893 లో షికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఎడ్వర్డ్ లిబ్బీ అను గాజు వ్యాపారి గాజుపోగులు కలిపి నేసిన దుస్తును ప్రదర్శించి జనులను ఆశ్చర్యపరచెను. అది కేవలము వింతవస్తువు. నిజమైన పరిశ్రమ 1930 దశకమున అమెరికాలో ఆరంభమైనది. అచ్చటి ఓవెన్స్ ఇల్లినాయి సంస్థలో గేమ్స్ స్లేటర్ మొదలగువారు గాజునార తయారీని పెద్దయెత్తున సాధించిరి. 1938 లో ఓవెన్స్ కార్నింగ్ సంస్థ ఏర్పడినది.

ఈ నారను తీయు పద్ధతి సేమియా ఒత్తుటను పోలియుండును. ఇసుక, సున్నపురాయి మున్నగువానిని కొలిమిలో కరగించి, ఆ ద్రవమును వందలకొలది సన్నని రంధ్రములుగల పళ్ళెము గుండ క్రిందికి జార్చుదురు. జారు గాజును అత్యంత వేగముగా తిరుగు రాట్నము లాగి చుట్టుకొనును. ఒక్కొక్క పోగు మందము సాధారణముగా 10 నుండి 20 మైక్రానులు. మన తలవెండ్రుక ఇంతకు ఎన్నో రెట్లు లావుగా నుండును.

పెళుసైన గాజుకు ఇంత బలమెట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు 1920 ప్రాంతమున ఇంగ్లండులో ఎ. ఎ. గ్రిఫిత్ అను ఇంజనీరు సమాధానము చెప్పెను. గాజుపలకపై కంటికి కానరాని బీటలు అసంఖ్యాకముగా నుండును. బరువు పడినప్పుడు ఆ బీటల కొనలయొద్ద ఒత్తిడి పేరుకొని, ఒక బీట సాగి పలక పగులును. గాజును పోగుగా సాగదీసినకొలది అంత పెద్ద బీటకు అందులో చోటుండదు. అందుచేతనే సన్ననిపోగు లావుపాటి కడ్డీకంటె తన మందమునకు ఎన్నోరెట్లు బలముగా నుండునని ఆయన ప్రయోగపూర్వకముగా చూపెను. పైగా వేలకొలది పోగులు కలిసియున్నప్పుడు ఒకటి తెగినను ఆ తెగుడు ప్రక్కపోగునకు ప్రాకదు. ఆ బరువును మిగిలినవి పంచుకొనును. సమష్టి కుటుంబములో ఒకని కష్టము నలుగురు పంచుకొనుట వంటిదే ఇది.

చాప, గోనెపట్టా, నేతగుడ్డ

అంగడిలో ఈ నార ముఖ్యముగా మూడు రూపములలో దొరకును. పనివారు అన్నిటిని “ఫైబర్” అనియే అందురు గాని వాని గుణములు వేరు.

మొదటిది మ్యాటు. రెండంగుళముల పొడవున తరిగిన పోగులను ఎటుపడిన అటు చల్లి, ఒక బంధకముతో అంటించినది. చాపవలె కనిపించును. చదరపు మీటరుకు 300 గ్రాములు, 450 గ్రాములు తూగు రకములు ఎక్కువగా వాడుకలో నున్నవి. ఇది వంపులకు చక్కగా ఒదుగును, అన్ని దిక్కులకు సమానమైన బలము నిచ్చును, మందమును త్వరగా పెంచును.

రెండవది రోవింగు. లావుపాటి పోగుకట్టలను పడుగు పేకలుగా నేసినది. చూపునకు మన గోనెపట్టాను తలపించును. పోగులు తెగక నిడుపుగా సాగుటచే లాగుడుబలము దీనికి ఎక్కువ. పడవ అడుగునకు, వీపునకు ఇది తగినది. కాని రెండు రోవింగు పొరలను ఒకదానిపై ఒకటి నేరుగా వేసిన నడుమ పట్టు చాలదు. అందుచే రెంటి మధ్య ఒక మ్యాటు పొర వేయుట ఆచారము.

మూడవది సన్ననినూలుతో నేసిన గుడ్డ. ఇది పలుచన, నునుపు. కర్రపడవకు పైతొడుగు వేయుటకును, చిన్నచిల్లులు పూడ్చుటకును ఇది ఉత్తమము.

తివాచీలకు, జనపనార మిల్లునకు పేరొందిన ఏలూరు వాసులకు పడుగు పేకల మాట విడమరచి చెప్పనక్కరలేదు. నేతలో పోగు ఎంత వంకరపోయిన అంత బలము తగ్గును. ఏ దిక్కున బరువు పడునో ఆ దిక్కున పోగు సాగవలెను. తివాచీ నేతగాడు చూచు చూపే ఫైబర్ పనివానికిని కావలెను.

రెజిన్ గట్టిపడు రహస్యము

గాజునార ఒక్కటే యున్న అది దూదివలె మెత్తన. రెజిన్ ఒక్కటే యున్న అది గట్టిపడి పెటుకున విరుగును. రెండును కలిసిననే పని జరుగును. మన పూర్వులు గోడమట్టిలో వరిగడ్డి త్రొక్కించిన యుక్తియే ఇది. మట్టి ఆకారమును నిలుపును, గడ్డి బీటను ఆపును. ఇచ్చట రెజిన్ మట్టి, గాజు గడ్డి.

షెడ్లలో వాడునది చాలవరకు పాలియెస్టరు రెజిన్. తేనెవలె చిక్కగా నుండును. అందులో పొడుగాటి అణుమాలికలు స్టైరీన్ అను ద్రవములో కరగియుండును. ముక్కును పట్టు ఘాటైన వాసన ఆ స్టైరీన్‌దే. దీనిలో హార్డ్‌నర్ అను పెరాక్సైడు ద్రవమును కలిపినప్పుడు స్టైరీను అణువులు ఒక మాలికకు మరొక మాలికకు మధ్య వంతెనలు కట్టును. ద్రవమంతయు ఒక్క వలగా మారి ఘనమగును. ఒకసారి గట్టిపడిన పిమ్మట లక్కవలె మరల కరగదు. మామూలు వాతావరణమున ఈ చర్య త్వరగా సాగుటకై ఊదారంగు కోబాల్టు ద్రవమును ముందుగా రెజిన్‌లో కలుపుదురు. కొన్ని డబ్బాలలో కోబాల్టు కలిపియే వచ్చును. కావున కొనునప్పుడే అంగడివానిని అడిగి తెలిసికొనవలెను.

హార్డ్‌నర్ పాళ్ళు సాధారణముగా రెజిన్ తూకమునకు నూటికి 1 నుండి 2 వంతులు. ఇచ్చటనే చాలమంది పొరపడుదురు. త్వరగా గట్టిపడవలెనని ఎక్కువ పోసిన రెజిన్ విపరీతముగా వేడెక్కి, బీటలువారి, పెళుసగును. తక్కువ పోసిన ఎన్నాళ్ళకును జిగురుగనే యుండును. మన వైశాఖమాసపు ఎండలో కుంచె తిరుగకముందే డబ్బాలో గడ్డకట్టుట సామాన్యము. అందుచే వేసవిలో ఉదయము చల్లనివేళ పనిచేయవలెను. ఒక్కసారి పది, పదునైదు నిమిషములకు సరిపోవునంత మాత్రమే కలుపుకొనవలెను. లోతైన డబ్బాలో నిలువయుంచిన వేడి పోవుటకు దారిలేక పొగలు గ్రక్కును. వెడల్పైన పళ్ళెములో పోసికొనుట మేలు.

లెక్కకు ఒక ఉదాహరణము. ఒక చదరపు మీటరు మేర మూడు పొరల 450 గ్రాముల మ్యాటు వేయదలచితిమనుకొందము. గాజు తూకము 1350 గ్రాములు. మ్యాటునకు దానికి రెండున్నర రెట్లకు మించకుండ, అనగా సుమారు 3 కిలోల రెజిన్ పట్టును. దానికి హార్డ్‌నర్ 30 నుండి 45 గ్రాములు. ఒక్కొక్క పొర సుమారు 1 మిల్లీమీటరు చొప్పున అతుకు మందము 3 మిల్లీమీటర్లగును. రోవింగునకు ఇంత రెజిన్ అక్కరలేదు. గాజుతో సమానమైన తూకము చాలును. రెజిన్ ఎక్కువైన బలము ఎక్కువగునని తలచుట భ్రమ. బలము నారలోనిది. అదనపు రెజిన్ బరువును, పెళుసుదనమును మాత్రమే పెంచును.

ఎపాక్సీ అను మరొక జాతి రెజిన్ కలదు. దాని వెల ఎక్కువ. కాని కర్రకు, ఇనుమునకు దాని పట్టు పాలియెస్టరు కంటె ఎంతో గట్టిది, ఆరునప్పుడు కుంచించుకొనుటయు తక్కువ. దాని హార్డ్‌నర్‌ను డబ్బాపై చెప్పిన పాళ్ళలోనే కలుపవలెను. వేగము కొరకు హెచ్చుతగ్గులు చేయరాదు. మ్యాటులోని బంధకము సాధారణముగా స్టైరీన్‌లో కరగునట్టిది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు గనుక అట్టి మ్యాటు దానిలో సరిగా నానదు. ఎపాక్సీతో పనిచేయువారు నేతగుడ్డనే ఎన్నుకొనవలెను.

పడవకు అతుకు

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలో పడును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు చేర్చును. లోతు తక్కువ. అందుచే తాటిబోదెను తొలిచిన దోనెలును, అడుగు చదునుగానుండు నాటుపడవలును ఇచ్చట వాడుకకు వచ్చినవి. చేపల చెరువులు విస్తరించిన పిదప మేత చల్లుటకును, వలలు లాగుటకును తేలికైన ఫైబర్ పడవల అవసరము పెరిగినది.

ప్రపంచములో ఫైబర్ పడవల చరిత్ర రెండవ ప్రపంచయుద్ధ కాలమునుండి మొదలగును. 1942 లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున రే గ్రీన్ అను నతడు ఇట్టి చిన్నపడవను చేసెను. మన తూర్పుతీరమున, 1979 లో మద్రాసు కేంద్రముగా మొదలైన బంగాళాఖాత మత్స్యకార్యక్రమము ఇసుకతీరమున దిగగల ఫైబర్ పడవల నమూనాలను పరీక్షించినది. 2004 డిసెంబరు సునామీ తరువాత పడవలు కోల్పోయిన మత్స్యకారులకు పంచినవానిలో ఫైబర్‌వి అధికము. 1957 లో స్థాపితమై కొచ్చిని కేంద్రముగా పనిచేయు కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ రబ్బరుచెట్టు కర్రతో చేసిన చిన్నపడవలకు ఫైబర్ తొడుగువేసి వాడుకకు తెచ్చినది. తక్కువజాతి కర్రను కూడ శుద్ధిచేసి, ఆరబెట్టి తొడుగువేసిన నిలుచునని ఇందువలన తెలియుచున్నది. ఆ “ఆరబెట్టి” అను మాటనే మేము మరచితిమి.

మా సంగతి విని ఉస్తాదు నవ్వెను. “సార్, తడికర్రకు రెజిన్ పూయడమంటే చెమటపట్టిన ఒంటికి పట్టీ అంటించడమే. అంటినట్టే ఉంటుంది, అడుగు వేయగానే ఊడుతుంది” అనెను. నీరు నిండిన కర్రలో రెజిన్ ఇంకదు. పైపైన గట్టిపడి, కర్ర ఆరి కుదించుకొనినప్పుడు గాని, తడిసి ఉబ్బినప్పుడు గాని విడిపోవును. కర్రలో తేమ నూటికి 15 వంతులకు తగ్గిన పిమ్మటనే పని మొదలిడవలెను. పైన చేయిపెట్టిన పొడిగా తోచుట చాలదు. నీటిలో ఏండ్లు గడిపిన పడవను నీడలో, గాలి ఆడుచోట వారములతరబడి ఉంచవలసియుండును. తాటిబోదె నిలువుపీచుతో నిండి నీటిని ఒత్తివలె పీల్చుకొనునది గనుక దానికి తొడుగువేయుట మరింత కష్టము.

పనిక్రమము ఇట్లుండవలెను. మొదట చివికిన పలకను తీసి మంచికర్ర వేయించవలెను. చివికినకర్రపై తొడుగువేయుట పుండుపై కట్టుకట్టి లోపల చీము దాచుట వంటిది. తరువాత పాతరంగు, తారు, నూనె పూర్తిగా గీకి, గరుకుకాగితముతో రుద్ది, దుమ్ము దులుపవలెను. తారు ఉన్నచోట రెజిన్ పట్టదు. మేకుల తలలు లోనికి దిగగొట్టి, సందులు పూడ్చి, మూలలను గుండ్రముగా చేయవలెను. గాజుపోగు పదునైన మూలను తిరుగలేదు, అచ్చట గాలి నిలుచును. ముందొక పూత రెజిన్ కర్రకు త్రాగించి, అది జిగటగా నుండగనే గుడ్డ పరచి, నడుమనుండి అంచులకు రోలరుతో గాలిని నెట్టవలెను. బాగుగా నానిన గాజు పారదర్శకమగును. తెల్లనిమచ్చ కనిపించిన అచ్చట గాలి చిక్కినదని తెలియవలెను.

ఫైబర్ పడవకే చిల్లుపడినచో, పగిలినభాగమును కోసివేసి, చుట్టునున్న అంచును గోడ మందమునకు 12 రెట్ల దూరము వరకు ఏటవాలుగా అరగదీయవలెను. అనగా 5 మిల్లీమీటర్ల మందమునకు అన్నివైపుల 60 మిల్లీమీటర్ల వాలు. ఈ వాలుపై క్రొత్తపొరలు పాతపొరలతో విస్తారముగా కలిసికొని బరువును పంచుకొనును. పొరల అంచులన్నియు ఒకేచోట ముగియరాదు, మెట్లమెట్లుగా ముగియవలెను. వాలు తీయక పైన పట్టీ అంటించినచో అది అంచునుండి లేచును.

మరియొక సంగతి. ఉప్పునీటికంటె మంచినీరే ఫైబర్‌లోనికి ఎక్కువగా చొరబడును. సరిగా గట్టిపడని రెజిన్‌లోని కరగుపదార్థములను అది చేరి, ఒత్తిడి పెంచి, అడుగున బొబ్బలు లేపును. కావున కొల్లేటివంటి మంచినీటిలో తిరుగు పడవకు సముద్రపు పడవకంటె తక్కువ శ్రద్ధ చాలుననుట పొరపాటు. పైపూత దట్టముగా వేసి, కనీసము వారముదినములు ఆరనిచ్చి, ఏటేట ఒకసారి ఒడ్డునకు లాగి ఆరబెట్టుట మంచిది.

బండికి అతుకు

ఫైబర్ శరీరముగల కార్లు వింత కాదు. అమెరికాలో 1953 లో వచ్చిన కార్వెట్ కారు శరీరము గాజునారదే. మన బెంగుళూరులో 1970 దశకమున తయారైన బాదల్ అను మూడుచక్రముల కారును, 1980 దశకమున వచ్చిన డాల్ఫిన్ అను చిన్నకారును ఇట్టివే. గూడెం దారిలో తిరుగు లారీల బంపరు, బస్సుల ముందుభాగము, ఆటోల మడ్‌గార్డులు మొదలగువానిలో నేడు ఎన్నియో ఫైబర్‌తో చేయుచున్నారు.

ఇనుపరేకునకు అతుకువేయునప్పుడు శత్రువు త్రుప్పు. త్రుప్పుపై వేసిన అతుకు క్రింద త్రుప్పు ప్రాకుచునే యుండి, రెండుమూడు వానకారులలో అతుకును లేపివేయును. రేకు తళతళలాడువరకు గీకి, చిల్లు అంచును కొంచెము లోనికి కొట్టి, వీలైనంతవరకు వెనుకవైపునుండి గుడ్డ అంటించవలెను. ఇనుమునకు పాలియెస్టరుకంటె ఎపాక్సీ మేలు. ముందువైపు పల్లమును పుట్టీతో సమముచేసి, ముతక ఎమరీతో మొదలుపెట్టి సన్నని ఎమరీతో ముగించి, ప్రైమరు, రంగు వేయవలెను. పుట్టీ పలుచగనే యుండవలెను. దానిలో నార లేదు గనుక మందమైన పుట్టీ గుంతలదారిలో బీటలువారును.

ఎచ్చట ఫైబర్ వాడరాదో తెలియుట అన్నిటికంటె ముఖ్యము. ఛాసిస్, స్టీరింగు, యాక్సిలు, బ్రేకు భాగములు, సీటుబెల్టు బిగించుచోట్లు, వీనికి గాజుఅతుకు ఎన్నటికిని తగదు. పెట్రోలు ట్యాంకును సానపట్టినచో లోపలి ఆవిరి ప్రేలు ప్రమాదము కలదు. నేటి కార్ల మెత్తని ప్లాస్టిక్ బంపర్లు చాలవరకు పాలియెస్టరు రెజిన్ పట్టని జాతివి. తక్కువలో పనియగునని లారీ యజమాని తొందరపెట్టినను “ఇది నావల్ల కాదు” అని చెప్పగల పనివాడే నిజమైన పనివాడు. ఉస్తాదు అట్టి బేరములను వదలుకొనుట మేము కన్నులార చూచితిమి.

ప్రాణముపైకి తెచ్చు పొరపాట్లు

ఒకనాటి సాయంకాలము మేము చూచుచుండగనే, ఆ షెడ్డులో పనినేర్చుకొనుచుండిన మా పూర్వవిద్యార్థి ఒకడు హార్డ్‌నర్ సీసాను మూత సరిగా బిగించక ఊపెను. ఒక బొట్టు కంటిలో పడినది. ఆ ద్రవము నీళ్ళవలె రంగులేక యుండును గాని కంటిని శాశ్వతముగా పోగొట్టగలదు. ఉస్తాదు ఒక్క అంగలో వచ్చి, ఆ పిల్లవాని మెడపట్టి కుళాయిక్రింద ఉంచి, “కళ్ళు తెరువు బేటా, తెరిచే ఉంచు” అనుచు పావుగంటకు పైగా నీటిని వదలలేదు. తరువాత ఆసుపత్రికి తీసికొనిపోయిరి. చూపు దక్కినది. ఆ నీరు రెండు నిమిషములు ఆలస్యమైన ఏమయ్యెడిదో తలచిన ఇప్పటికిని మాకు ఒడలు జలదరించును.

విద్యార్థులారా, మీలో కొందరు, మీ అన్నదమ్ములు కొందరు ఈ పనిలో నున్నారు. ఈ నియమములను కంఠస్థము చేయుడు.

కోబాల్టును, హార్డ్‌నర్‌ను ఎన్నడును నేరుగా ఒకదానితో ఒకటి కలుపరాదు. కలిపిన భగ్గున మండును, ప్రేలును కూడ. కోబాల్టును రెజిన్‌లో బాగుగా కలిపిన తరువాతనే హార్డ్‌నర్ పోయవలెను. రెంటికి ఒకే పుల్ల, ఒకే కొలగిన్నె వాడరాదు.

హార్డ్‌నర్ కొలుచునప్పుడు కంటికి అద్దములు తప్పనిసరి. దానిని త్రాగునీటి సీసాలో పోసియుంచుట హత్యతో సమానము.

స్టైరీన్ ఆవిరి తలతిరుగుడును, కడుపులో వికారమును పుట్టించును. మూసిన గదిలో, పడవ కడుపులో గాలిలేక పనిచేయరాదు. బీడీ, సిగరెట్టు, వెల్డింగు దగ్గరకు రారాదు. చేతులు కడుగుకొను ఎసిటోన్ కూడ ఇట్టే మండును.

గట్టిపడిన ఫైబర్‌ను గీకునప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు, చర్మమునకు చేటు. ముక్కుకు జేబురుమాలు కట్టిన చాలదు. ధూళిని ఆపు మాస్కు కావలెను. ఎమరీని నీటితో తడిపి రుద్దిన ధూళి తగ్గును. దురద పుట్టినచోట గోకక, చన్నీటితో కడుగవలెను.

సరస్సు మాట

ఇక ఒక్క సంగతి చెప్పి ముగించెదము. గాజునార మట్టిలో కలియదు. కర్రపడవ శిథిలమైన పొయ్యిలోనికి వచ్చును, ఇనుపరేకు పాతసామాను బండికెక్కును. ఫైబర్ పడవను కరగించి మరల పోతపోయుటకు వీలులేదు. కాల్చిన విషపుపొగ వచ్చును. కొల్లేరు 1999 లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002 లో రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006 లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుగట్లను ప్రభుత్వము తొలగించినప్పుడు ఆ సరస్సుపై బ్రతుకువారి కష్టమును, సరస్సు కష్టమును మనము చూచితిమి. ఆటపాక వద్ద పెలికాన్ పక్షులు గూళ్ళుకట్టు ఆ నీటిలో విరిగిన ఫైబర్ పెళ్ళలను, రెజిన్ డబ్బాలను పారవేయుట మన అన్నపుగిన్నెలో మనమే ఇసుక పోసికొనుట. కావున పాతపడవను పారవేయుటకు ముందు మరమ్మతు చేయుట, మరమ్మతు చేసినది చాలకాలము నిలుచునట్లు చేయుట డబ్బునకే గాక సరస్సునకును మేలు.

ఆ లంకవాసి పడవ సంగతి చెప్పవలెను గదా. మరుసటి వేసవిలో ఉస్తాదు మాటపై ఆ పడవను నెలకు పైగా ఒడ్డున నీడలో ఉంచిరి. చివికిన పలకలు రెండు మార్చిరి. ఎపాక్సీతో సన్ననిగుడ్డ రెండు పొరలు వేసిరి. ఆ ఖర్చులో మా తప్పునకు తగినభాగము మేము భరించితిమి. కొడుకు తండ్రికి తోడుండి పని నేర్చుకొనెను. పైవానకాలము గడచిన పిమ్మట ఆయన మా ఇంటికి కొర్రమీను తెచ్చి, “ఇప్పుడు పొత్తు కుదిరిందండీ మాస్టారూ” అనెను.

ఉర్దూలో “హునర్” అను మాట కలదు. చేతిలోని నేర్పు అని దాని అర్థము. పుస్తకములోని విద్యకు ఆ చేతినేర్పు తోడుకానిదే అది తడికర్రపై వేసిన అతుకువంటిదే. మా విద్యార్థులు డిగ్రీతోపాటు ఏదో ఒక పనిని ఒక మంచి ఉస్తాదు చెంత కూర్చుండి నేర్చుకొందురని ఆశించుచున్నాము. షెడ్డులో పనిచేయువారు కూడ తమ పని వెనుకనున్న శాస్త్రమును కొంత తెలిసికొనినచో వారి కండ్లు, ఊపిరితిత్తులు వారికి మిగులును. పడవలో కూర్చుండువారు క్షేమముగా ఒడ్డు చేరుదురు.